ఇనుము, బోధన్ బస్సు

పీయూసీ చదివేటప్పుడు ఒకనాడు నిజామాబాద్‌ల బోధన్ బస్సెక్కి, ఇనుము ఎలక్ట్రాన్ విన్యాసం రాసుకుంట కూసున్న. లోపలి ఎలక్ట్రాన్లన్నిటి బదులు బ్రాకెట్ల ఆర్గాన్ అని రాస్తే సరిపోతది. మిగిలినవాటితోని 4s అనే ఆర్బిటాల్ ముందు నిండుతది, 3d తర్వాత. ఇనుము ఎలక్ట్రాన్లను పోగొట్టుకునేటప్పుడు మాత్రం ముందు 4sవే పోతయట. ముందొచ్చినవి ముందెందుకు పోవాలె? ఎంత చదివినా బుర్రకెక్కక చిరాకు లేస్తున్నది.

నాకన్న ముందే బస్సెక్కిన ఒకాయన, సీట్లు ఖాళీగ ఉన్నా తలుపు కాడనే నిలబడ్డడు. చేతిల టిఫిన్ డబ్బా. ఊకె బయటికి తొంగి చూస్తున్నడు. నాకు అది గూడ చిరాకే.

"లోపల జాగ ఉన్నది గదన్నా, కూసోరాదు" అన్న.

"లోపలికి పోతే దిగుడు ఆలస్యమైతది తమ్మీ. నా బిడ్డ బోధన్ దవాఖానల ఉన్నది" అన్నడు.

బోధన్ దగ్గర పడ్డంక చెరుకు బండ్లు అడ్డమొచ్చి బస్సు మెల్లగైంది. అది ఆగకముందే ఆయన దునికి, బండ్ల నడుమ నుంచి ఉరికిండు.

ఇప్పుడు అదే పాఠం నేను పిల్లలకు చెప్తున్న. ముందు 4sవే ఎందుకు పోతయి సార్ అని ఎవరో ఒకరు అడుగుతరు. అవి అన్నిటికన్న బయట ఉంటయి గనుక అని చెప్పి, జరసేపు తలుపు దిక్కు చూస్త. ఆ బిడ్డకు నయమైందో లేదో నాకు ఇప్పటికీ తెల్వదు.