బిడ్డ లేని పురుడు

పొద్దున శొంఠి దంచాను. ఆ ఘాటు వేళ్ళకు పట్టి మధ్యాహ్నం దాకా వదలలేదు. సబ్బుతో కడిగినా, ముఖం దగ్గరికి చెయ్యి వచ్చినప్పుడల్లా ముందు ఆ వాసన, దాని వెనుక పైడమ్మప్ప వస్తున్నారు. మిరియాలు, పిప్పళ్ళు, వాము, బెల్లం ఇంకా కలపనే లేదు. శొంఠి ఒక్కటే చాలింది. కళ్ళు మూస్తే భిలాయిలో మా పాత క్వార్టరు, ముందు గదిలో నేల మీద చాప, కిటికీ ఊచల్లోంచి పడ్డ ఎండలో నెమ్మదిగా కదిలే సాంబ్రాణి పొగ. ఆమె పోయి నెల దాటింది. విజయనగరం నుంచి వాళ్ళ చిన్నమ్మాయి ఫోను చేసి చెప్పింది. ఆ రోజు ఏడుపు రాలేదు. ఇవాళ రోటి దగ్గర వచ్చింది. ఘాటు వల్లే అని కాసేపు అనుకున్నాను.

పైడమ్మగారు నలుగురికీ తెలిసిన మనిషి కాదు. ఉక్కు కర్మాగారంలో కోక్ ఓవెన్ల దగ్గర పనిచేసే ఒకాయన భార్య. మా క్వార్టరుకు ఎదురు వరసలో ఉండేవారు. మాదీ వాళ్ళదీ విజయనగరం వైపే కనుక సొంత అక్కను పిలిచినట్టు అప్పా అనేదాన్ని. పొడుగు మనిషి, పెద్ద గొంతు. హిందీని కూడా తెలుగు మాట్లాడినట్టే మాట్లాడేవారు. కూరగాయల బండివాడు మొదలు సెక్టారు డాక్టరు దాకా ఆమె హిందీ అర్థం కాలేదన్నవాళ్ళను నేను చూడలేదు. నేను పుస్తకాలు చదువుకునే మనిషిని. లైబ్రరీ నుంచి తెచ్చుకున్నవి దిండు కింద ఉండేవి. "అందులో ఏటుందే అంత?" అని అడిగి, నేను చెప్పబోయేలోపే "సర్లే, సదువుకో" అనేసి వెళ్ళిపోయేవారు.

డెబ్భైల చివరి సంవత్సరాలవి. మా రమ ఒకటో తరగతి. శీనుకు ఇంకా రెండేళ్ళు నిండలేదు. మా ఆయన రోలింగ్ మిల్లులో ఫిట్టరు. నాకు నెల తప్పిందని మా ఇద్దరికీ తప్ప ఎవరికీ తెలియదు. ఒక మధ్యాహ్నం బియ్యం ఏరుతుండగా కడుపులో ఒక పక్క ఏదో తెగినట్టయింది. చేటలో బియ్యం ముందు తెల్లగా, తర్వాత మరీ తెల్లగా కనబడటం వరకే గుర్తుంది. శీను గుమ్మంలో నిలబడి ఏడుస్తుంటే పైడమ్మప్ప వచ్చి చూశారట. ఆసుపత్రికి ఎలా చేర్చారో నాకు తెలియదు. జీపులో నా తల ఆమె ఒడిలో ఉందనీ, దారంతా డ్రైవరును తిడుతూనే ఉన్నారనీ తర్వాత మా ఆయన చెప్పారు.

బిడ్డ గర్భసంచిలో కాకుండా దానికి చేరే సన్నని నాళంలో నిలిచిందని డాక్టరమ్మ చెప్పింది. అక్కడే పెరగడంతో నాళం పగిలి, లోపల చాలా రక్తం పోయిందట. ఆ వైపు నాళం తీసేశారు. "ఇద్దరు పిల్లలున్నారు కదా, ఇంకేం" అంది. మంచి మనిషి, ధైర్యం చెప్పాలనే అంది. కొన్నాళ్ళ పాటు బరువులు ఎత్తవద్దని, పిల్లవాణ్ణి అసలే ఎత్తుకోవద్దని రెండుసార్లు చెప్పింది.

ఇంటికి వచ్చిన రోజు రమ గేటు దగ్గర నిలబడి ఉంది. మా వరసలో ఏ తల్లి ఆసుపత్రికి వెళ్ళినా తెల్లగుడ్డలో చుట్టిన బిడ్డతో తిరిగి వచ్చేది. అది నా చేతులు చూసింది, వాళ్ళ నాన్న చేతులు చూసింది, రిక్షాలో సంచి చూసింది. "మమ్మీ, మన బేబీ ఏదీ? వహీఁ భూల్ గయీ క్యా?" అంది. నాకు నెల తప్పిన సంగతి దానికి మేము చెప్పనే లేదు. ఎవరి దగ్గర విందో, ఎలా ఊహించిందో ఇప్పటికీ తెలియదు. బిడ్డను అక్కడే మరిచిపోయి వచ్చావా అన్న ఆ ప్రశ్న ఇంట్లో చాలా రోజులు తిరిగింది.

పలకరించడానికి వచ్చినవాళ్ళకు మా ఆయన "కడుపులో గడ్డ, తీసేశారు" అని చెప్పేవారు. సిగ్గుపడి కాదు, ఆయనకు మరో మాట దొరకలేదు. నాకూ దొరకలేదు. మా అమ్మ అప్పటికే లేదు. ఊళ్ళో మా అత్తగారు, పురుడైతే వచ్చేదాన్ని గాని ఆపరేషన్‌కి నేనొచ్చి ఏం చేస్తానన్నారట. అదీ నిజమే. పురుడు కాదు, చావూ కాదు. పేరు పెట్టలేదు, ముఖం చూడలేదు. దేనికి ఏడవాలో తెలియక ఊరికే మంచం మీద పడుకుని ఉండేదాన్ని. షిఫ్టు సైరన్ మోగేది, ఎండ గోడ మీద జరిగేది, మళ్ళీ మోగేది. సాయంత్రాలు ప్లాంటు వైపు ఇనుము తీశాక మిగిలిన, కరిగిన చిట్టెం పారబోసినప్పుడు కిటికీ అంతా ఎర్రబడేది. అది పొద్దో, పొద్దు కాదో తేల్చుకోవాలని కూడా అనిపించేది కాదు.

ఆ రోజుల్లో నాకు దూరమైపోయింది శీను. మొదటి రోజుల్లో మంచం దగ్గరికి వచ్చి రెండు చేతులూ పైకెత్తేవాడు. నేను ఎత్తుకోలేనని చెప్పేదాన్ని. కాసేపు అలాగే నిలబడి చేతులు దించుకునేవాడు. తర్వాత తర్వాత చేతులెత్తడం మానేశాడు. పొద్దున్నే ఎదురింటికి వెళ్ళిపోయి, పైడమ్మప్ప చంకనెక్కి, ఆమె చేతి ముద్దలు తిని, ఆమె కొంగు పట్టుకుని తిరిగేవాడు. నేను పిలిస్తే గుమ్మం దగ్గర ఆగి, ఇంటికి వచ్చిన చుట్టాన్ని చూసినట్టు చూసేవాడు. పోయిన బిడ్డ గురించి ఎవరికీ చెప్పుకోలేకపోవడం ఒక ఎత్తు. ఉన్న బిడ్డ నా కళ్ళ ముందే పరాయివాడు కావడం మరో ఎత్తు. నాకు భయం వేసింది.

కుట్లు విప్పిన కొన్నాళ్ళకు ఒక ఉదయం పైడమ్మప్ప ఒక పాత చీర ముక్కా, దూదీ, మూత పెట్టిన గిన్నే పట్టుకుని వచ్చారు. వేణ్ణీళ్ళు కాచి తలంటి పోశారు. సాంబ్రాణి పొగ పట్టారు. చెవుల్లో దూది పెట్టి, తలకు గుడ్డ బిగించి కట్టారు. గిన్నెలో ఉన్నది కాయం, మా వైపు బాలింతలకు పెట్టే ఘాటు ఉండలు. ఒకటి నా నోట్లో పెట్టారు. కారానికి కళ్ళు తిరిగాయి.

పక్కింటి పంతులమ్మగారు ఆ వాసనకు వచ్చి గుమ్మంలోనే ఆగిపోయారు. "ఇదేమిటి పైడమ్మా? బిడ్డ లేకుండా పురుడేమిటి? అశుభం కాదూ?"

"కడుపు కోసినారా నేదా? రగతం పోయిందా నేదా? మరి బాలింత కాక ఏటవుద్ది?" అన్నారు పైడమ్మప్ప నా తలగుడ్డ ముడి బిగిస్తూ. "నువ్వెల్లి దీపం ఎట్టుకో పంతులమ్మా. అశుభం సంగతి నాను సూసుకుంటాను."

పంతులమ్మగారు వెళ్ళాక నేను అడిగాను. "అప్పా, నీకూ ఎప్పుడైనా ఇలా అయిందా?" పుస్తకాల్లో అలాగే ఉంటుంది. మంచి చేసిన మనిషికి వెనుక ఒక గాయం ఉండాలి.

"నాకేటవుద్దే? నలుగురూ నిక్షేపంగా పుట్టినారు. ఆకరిదైతే నాను అట్లు పోస్తన్నప్పుడే వొచ్చీసింది."

"మరి నీకెలా తెలిసింది?"

"తెలవడానికి ఏటుందే ఇందులో?" అని నిజంగానే ఆశ్చర్యపోయారు.

ఆ రోజే నన్ను మంచం దింపారు. బాలింత మంచమెక్కి కూర్చుంటే ఒళ్ళు రాదని సాకు చెప్పి, ముందు గదిలో చాప, బొంత పరిచారు. అసలు సంగతి నన్ను గోడకు ఆనించి కూర్చోబెట్టాక చెప్పారు. "గుంటణ్ణి నువ్వు ఎత్తుకోనేవు. వోడేమో నీ మంచం ఎక్కనేడు. మరి ఎవులో ఒకరు దిగాల గదా. నువ్వే దిగు."

దిగాను. అయినా శీను రాలేదు. చాప అంచు దాకా వచ్చేవాడు, బొంత పువ్వుల మీద వేలు పెట్టి చూసేవాడు, మళ్ళీ ఎదురింటికి పరుగెత్తేవాడు. పైడమ్మప్ప వాణ్ణి పిలిచి నా ఒళ్ళో కూలేయలేదు. "వొస్తాడులే" అనేవారు అంతే. ఉదయం పూట చాప వాకిట్లోకి మార్చి, తలగుడ్డతో నన్ను ఎండలో కూర్చోబెట్టేవారు.

దాంతో ఒక పొరపాటు జరిగింది. అక్కడ ఇంట్లో బిడ్డ పుడితే హిజ్రాలు వచ్చి బధాయి, అంటే బిడ్డ పుట్టిన సంబరం పాట, పాడతారు. బిడ్డను ఒళ్ళోకి తీసుకుని దీవించి, కానుక పుచ్చుకుని వెళతారు. తలకు గుడ్డ, సాంబ్రాణి వాసన, ఎండలో కూర్చున్న ఆడమనిషి. దారిన పోయే ఎవరికైనా ఆ ఇంట్లో బిడ్డ ఉన్నట్టే. ఒక రోజు పదకొండు గంటల వేళ ముగ్గురు వచ్చారు. గేటు తీస్తూనే చప్పట్లు, ఢోలకు. ముందున్నది ఆకుపచ్చ చీర కట్టిన పెద్ద వయసామె. "అరే జచ్చా రానీ! లల్లా కో దిఖావ్, నజర్ ఉతార్‌నే ఆయే హైం!" అంది నవ్వుతూ. బాలింతనీ, బిడ్డనీ చూసి దిష్టి తీయడానికి వచ్చారు.

పైడమ్మప్ప పిండి చేతులతో రోడ్డు దాటి వచ్చి గేటు దగ్గర అడ్డం నిలబడ్డారు. "జచ్చా హై. బచ్చా నహీ హై" అన్నారు. తర్వాత నెమ్మదిగా, "పేట్ కాటా. బచ్చా గయా" అన్నారు.

బాలింత ఉంది, బిడ్డ లేదు. అంత తేలిక మాట. అప్పటి దాకా ఎవరూ అనలేదు. గడ్డ పోలేదు, బిడ్డ పోయింది.

పెద్దామె ఢోలకు మీద అరచెయ్యి వేసింది. శబ్దం ఆగింది. శీను అప్పటికే బెదిరిపోయి ఉన్నాడు. పైడమ్మప్ప వెనకే వచ్చిన వాడు వాకిలి మధ్యలో నిలబడిపోయాడు. రోజూ దాక్కునే కొంగేమో కొత్త మనుషుల పక్కన ఉంది. అటు చూశాడు, ఇటు చూశాడు. నేను నేల మీద ఉన్నాను. పరుగెత్తుకొచ్చి నా ఒళ్ళోకి ఎక్కాడు. వాడి మోకాలు సరిగ్గా కుట్లు వేసిన చోట ఆనింది. ప్రాణం పోయినంత నొప్పి. నేను కదల్లేదు. వాడి తల వాసన, చెమటా, పైడమ్మప్ప ఇంటి పచ్చడీ కలిసిన వాసన, నా గడ్డం కింద ఉంది.

పెద్దామె వచ్చి నా ఎదురుగా నేల మీద కూర్చుంది. "లడ్‌కా థా కి లడ్‌కీ?"

"మాలూమ్ నహీ" అన్నాను. కొడుకో కూతురో ఎవరూ నాకు చెప్పలేదు, నేనూ అడగలేదు.

ఆమె కొంగు సర్దుకుని నా వైపు జరిగింది. "తో దోనోం కా గా దేతే హైం" అంది. అయితే ఇద్దరికీ పాడతాం.

ఢోలకు లేకుండా, చప్పట్లు లేకుండా పాడారు. ముందు కొడుకు పాట, తర్వాత కూతురి పాట. వాళ్ళ గొంతులు బొంగురుగా ఉన్నాయి. మాటలు నాకు సగమే అర్థమయ్యాయి. నేను గట్టిగానే ఏడ్చాను. శీను నా ముఖం తడిమి చూసి, మళ్ళీ తల ఆనించుకున్నాడు. పాట అయ్యేసరికి నిద్రపోయాడు. వాళ్ళు కానుక ఏమీ అడగలేదు. పైడమ్మప్ప ఊరికే పంపే మనిషి కాదు కనుక ముగ్గురి చేతుల్లోనూ కాయం పెట్టారు. పెద్దామె ఒక్కసారిగా నోట్లో వేసుకుని, "హాయ్ రామ్! జచ్చా కో మార్ డాలోగీ క్యా?" అని, ఇంత కారంతో బాలింతను చంపేస్తావా అన్నట్టు కేక పెట్టింది. పైడమ్మప్ప పొట్ట పట్టుకుని నవ్వారు. నేనూ నవ్వాను. నవ్వితే కుట్ల చోట నొప్పెట్టింది.

మధ్యాహ్నం మా ఆయన డ్యూటీ నుంచి వచ్చేసరికి శీను ఇంకా నా ఒళ్ళోనే ఉన్నాడు. కాళ్ళు తిమ్మిరెక్కి నావి కానట్టున్నాయి.

"ఎవరైనా వచ్చారా?" అన్నారు.

"బధాయివాళ్ళు."

ఆయన బూట్లతోనే నా పక్కన నేల మీద కూర్చున్నారు. "ఏం చేశారు?"

"ఇద్దరికీ పాడారు."

ఆయన బూటు ముడి విప్పడం మొదలుపెట్టారు. ఆ ముడి విప్పడానికి చాలాసేపు పట్టింది.

ఎనభైల చివర వాళ్ళాయన రిటైరవడంతో పైడమ్మప్ప ఊరు వెళ్ళిపోయారు. దుర్గ్ స్టేషన్లో సామాన్లు లెక్క చూసుకుంటూ, నన్ను చూసి "కాయంలో నువ్వు బెల్లం ఎక్కువేస్తన్నావు, తగ్గించు" అన్నారు. ఏడవాలని సిద్ధపడి వెళ్ళినదాన్ని ఏడవలేకపోయాను. మేము ఇక్కడే, భిలాయి పక్కన మరోదా దగ్గర ఇల్లు కట్టుకుని ఉండిపోయాం. శీనుకు ఇప్పుడు జుట్టు నెరుస్తోంది. వాకిట్లో ఆ పూట వాడికేమీ గుర్తు లేదు. నేనూ చెప్పలేదు.

ఇవాళ శొంఠి దంచింది మా మేడ మీద అద్దెకున్న సుమన్ కోసం. ఇక్కడికి దగ్గర్లోని ఉతై వైపు అమ్మాయి. పోయిన వారం ఆసుపత్రి నుంచి వచ్చింది, నాకు జరిగినట్టే జరిగి. సాయంత్రం డబ్బా పట్టుకుని మెల్లగా మెట్లెక్కాను. మంచం మీద గోడ వైపు తిరిగి పడుకుని ఉంది. మూడేళ్ళ కూతురు తలుపు పక్కన నిలబడి, లోపలికి రాకుండా చూస్తోంది. ఈ వయసులో నేల మీద కూర్చుంటే లేవడం నాకు కష్టం. మూల చుట్టి ఉన్న చాప తీసి పరిచి, కూర్చుని, "నీచే ఆ జా, బేటీ" అన్నాను.

కాసేపటికి దిగింది. కాయం నోట్లో పెట్టాను. కళ్ళనీళ్ళు తుడుచుకుంటూ అడిగింది, "ఆప్‌కో భీ హుఆ థా, ఆంటీ?"

నాకూ అయిందన్నాను. పైకి ఆ మాట అనడం అదే మొదలు.

"లడ్‌కా థా?"

"మాలూమ్ నహీ. దోనోం కా గానా హుఆ థా."

ఆమెకు అర్థమైనట్టు లేదు. చెబుదామనుకున్నాను. ఈలోగా పాప తలుపు వదిలి చాప అంచు దాకా వచ్చింది. నేను దాన్ని పిలవలేదు. వస్తుందిలే అని గోడకు ఆనుకుని కూర్చున్నాను. లేవడానికి నాకు తొందరేమీ లేదు.