ఆరో బల్ల మాట

ఆ ప్యాకింగ్ కంపెనీలో కంప్యూటర్లు చూసే మనిషిని అందరూ వైర్లాయన అంటారు. ఏది ఆగినా అతను కావాలి, నడిచాక అతని ఊసే ఉండదు. కార్మికులు పేరు చెప్పకుండా ఫిర్యాదు చేసుకునే ఏర్పాటు కావాలని యాజమాన్యానికి ఉన్నట్టుండి బుద్ధి పుట్టింది. పని అతని నెత్తిన పడింది.

అసలు సాఫ్ట్‌వేర్‌లో రాసిన మాట వేర్వేరు చోట్ల ఉన్న మూడు కంప్యూటర్ల గుండా పోతుంది. ఎవరు పంపారో, ఏం పంపారో రెండూ తెలిసినది అందులో ఒక్కటీ ఉండదు. పరీక్ష కోసం వైర్లాయన ఆ మూడింటినీ తన బల్ల కింద ఒకే పెట్టెలో నడిపాడు. తప్పులు దొరకాలని, ఏ మాట ఏ బల్ల కంప్యూటర్ నుంచి వచ్చిందో తెర మీద కనబడేలా పెట్టుకున్నాడు. టెస్టులో ఎవరైనా చేసేదే.

ప్యాకింగ్ హాల్లో ఆ రోజు ఆరో బల్ల దగ్గర పనిచేస్తున్న మరదలిని అడిగాడు.

"ఏదో ఒకటి రాసి పంపవే."

"నేనని తెలీదు కదా బావా?"

"నీకు తప్ప ఎవరికీ తెలీదు, సరేనా?"

మర్నాడు మేనేజర్ ముందు తన తెరను గోడ మీదికి ఎక్కించాడు. ఆ వివరాలు ఆపడం మరిచిపోయాడు.

"ఆరో బల్ల: సూపర్‌వైజర్ బాత్రూమ్ దాకా వెంటొచ్చి తలుపు బాదుతున్నాడు. భయమేస్తోంది."

సూపర్‌వైజర్ అక్కడే ఉన్నాడు. "నిన్న ఆరో బల్ల దగ్గర ఎవరున్నారయ్యా?"

మరదలి ఉద్యోగం ఇప్పుడు వైర్లాయన జవాబులో ఉంది. "అది ఎవరూ రాయలేదు సార్. టెస్టు కోసం నేనే అల్లాను."

"కథలు కూడా రాస్తావన్నమాట!" అన్నాడు మేనేజర్. అందరూ నవ్వారు. అతనూ నవ్వాడు.

హాలంతా పాకిన ఆ నవ్వు సాయంత్రానికి మరదలి చెవినా పడింది. నేరుగా అక్కాబావల ఇంటికొచ్చింది.

"ఉద్యోగం నిలబడిందిగా," అన్నాడు ఆమె ముఖం చూడకుండా.

"నిలబడింది. రేపు నేను పేరు పెట్టి చెప్పినా, బావ కథ కాపీ కొట్టిందంటారు."

"అది నిజమేనని మేనేజర్‌తో చెబుతాను."

"ఎవరు రాశారని అడిగితే?"

వంటింట్లోంచి భార్య గట్టిగా అంది: "ఆ పెట్టె కంటే నువ్వే అన్యాయం. అది ఉన్నదున్నట్టు చెప్పింది."

మర్నాడు సూపర్‌వైజర్ వచ్చి అతని భుజమ్మీద చెయ్యేశాడు. కథని నమ్మి కాదు, నమ్మినట్టుంటేనే అతనికి లాభం. "నా మీదే అల్లాలా? ఇంకెవరూ దొరకలేదూ?"

వైర్లాయన చెయ్యి తియ్యమనలేదు. "తప్పైపోయింది సార్," అన్నాడు.