ముడత లేని పక్కలు

నిలువ నీడ లేనివాళ్ల కోసం తెరిచిన ఆ ఆశ్రయానికి మేనేజరమ్మే దిక్కు. పొద్దున్నే నలభై మంచాల మధ్య తిరుగుతూ ఒక్కొక్కరి నుదురు తడుముతుంది. ఎవరికి జ్వరమో చెప్పడానికి ఆమె అరచెయ్యి చాలు. "లేవండి నాయనా, టీ చల్లారిపోతోంది" అంటుంది. ఆ రోజు మాత్రం "తొందరగా బయటికి నడవండి" అంది. తనిఖీకి పెద్దాఫీసరు వస్తున్నాడు. గదులు అద్దంలా లేకపోతే మూసేస్తామని కాగితం పంపారు. దగ్గుతున్న తాతను కూడా చేతులారా వానలోకి పంపింది. ఆఫీసరు దుప్పటి నిమిరి, "ఒక్క ముడతైనా లేదే! మా ఇంట్లో కూడా ఇలా ఉండదు" అని మెచ్చుకుని కారెక్కాడు. తడిసి ముద్దయిన తాత గడపలోనే ఆగిపోయాడు. మేనేజరమ్మ అతని నుదుటి మీద చెయ్యి వేసింది, పెనంలా కాలిపోతోంది. "పక్క నలుగుతుందేమో తల్లీ," అన్నాడతను, "నేలమీద పడుకోనా?"