కిటికీతో కలిపి ఇరవై రెండు లక్షలు

ఇళ్ళ బీమా ఏజెంటు మావయ్య ఎవరింటికి వెళ్ళినా ముందు చెప్పులు విప్పుతాడు, ఆ తర్వాత నేలమీద వెల్లకిలా పడుకుంటాడు. ఆ ఇంటిని మనసులో కూల్చేసి, పునాది నుంచి మళ్ళీ కట్టుకుంటూ వస్తేగానీ ఎంత బీమా చేయించాలో ఆయనకు తేలదు. మిగతా ఏజెంట్లు టేపు పట్టుకుంటారు. ఈయన కళ్ళు మూసుకుంటాడు.

ఒకసారి బ్యాంకు మేనేజరు ఇంట్లో అలా పడుకుంటే, ఆయన భార్య కంగారుపడి మొహాన నీళ్ళు కొట్టింది. "ఇంకాసిని చల్లమ్మా, స్లాబు ఇప్పుడే పోశాను" అన్నాడు.

ఆ మధ్యాహ్నం మేనకోడలి వంతు వచ్చింది. ఆమె ముందుగదిలో మిషను పెట్టుకుని బట్టలు కుడుతుంది. పక్కవీధిలో ఇస్త్రీ దుకాణం కాలిపోయినప్పటి నుంచి ఆమెకు కంటిమీద కునుకు లేదు. ఈ గోడలు పోతే ఇల్లూ బతుకుతెరువూ ఒకేసారి పోతాయి.

"అమ్మితే నలభై లక్షలు వస్తాయంటున్నారు. నలభైకే చేయించనా మావయ్యా?"

"అందులో సగం స్థలం ఖరీదు. స్థలం కాలుతుందటే పిచ్చిదానా?"

"పోనీ పదికి చేయించు. కట్టే సొమ్మూ తగ్గుతుంది."

"పదికి గోడలు లేస్తాయి. పైకప్పు నువ్వు కుట్టుకుంటావా?"

అంటూనే నేలమీద వాలాడు. కుట్టుపని చేసుకుంటూనే ఆయన గొణుగుడు వింటుంటే ఆమెకూ గోడలు కరిగిపోయినట్టే అనిపించింది. ఖాళీ నేలమీద తానూ, మిషనూ, పైన మబ్బులూ. కాసేపటికి ఇటుకలు వరస మీద వరసగా లేచాయి. గుమ్మం వచ్చి నిలబడింది. కప్పు దుప్పటిలా మెల్లగా దిగింది.

"తూర్పు గోడకి రెండు రెక్కల కిటికీ..." అంటున్నాడు మావయ్య.

"అక్కడ కిటికీ లేదు."

"ఇప్పుడే పెట్టానుగా!"

"లేనిదానికి బీమా ఏంటి? కంపెనీవాళ్ళు నిన్ను ఇంటికి పంపేస్తారు."

"మొత్తం ఇరవై రెండు లక్షలు తేలింది. కిటికీ తీస్తే మళ్ళీ పునాది నుంచి రావాలి. నావల్ల కాదు" అని చెప్పులేసుకుని వెళ్ళిపోయాడు.

మర్నాడు పొద్దున్నే తాపీమేస్త్రిని వెంటబెట్టుకుని, కిటికీ మోయించుకుని దిగాడు.

"ఇదేం పని మావయ్యా?"

"అంకె మార్చలేక గోడ మారుస్తున్నా."

"దీనికి డబ్బో?"

"నీ పాలసీ మీద నాకు కమిషన్ రాదూ?"

"అది గొళ్ళేనిక్కూడా చాలదు! అయినా నిన్న నిద్రలో ఏదో కలవరించావనుకున్నా."

"నిద్రెక్కడిదే? సూదిలో దారం ఎక్కించాల్సి వచ్చినప్పుడల్లా వెలుతురు కోసం గుమ్మంలోకి పోయావు. నన్ను దాటుకునేగా పోయింది!"

సాయంత్రానికి కిటికీ నిలబడింది. తెల్లారాక ఎండ నేరుగా మిషను మీద పడింది. ఆమె కూర్చున్నచోటే దారం ఎక్కించింది. సరిచూడ్డానికి వచ్చిన మావయ్య నేలమీది ఎండలో వెల్లకిలా పడుకున్నాడు.

"ఇంకోసారి కూల్చి చూడనా?"

"ఇవాళ వద్దులే మావయ్యా, వెలుతురు బాగుంది."

పాలసీ ఇరవై రెండు లక్షలకే వచ్చింది.