పండుగకు అలికిన గోడలు

నిన్న పొద్దున పూజలో ఉన్నాను. ఉట్నూర్ నుంచి జీప్ డ్రైవర్ ఫోన్.

"అక్కా... మన సార్ పోయిండక్కా. గుండె ఆగిపోయింది."

హారతి పళ్లెం చేతిలోనే ఉండిపోయింది. ఏ మంత్రం దగ్గర ఆగానో ఇప్పటికీ గుర్తు రావడం లేదు.

సుదర్శన్ మా ఆఖరి తమ్ముడు.
మీలో చాలామందికి 'దోమల సార్'.

ఏజెన్సీ ఊళ్లలో మలేరియా దోమల మందుల ట్రయల్స్‌కు ఫీల్డ్ సూపర్‌వైజర్. ఇళ్ల గోడలకు కొత్త మందు స్ప్రే చేయించేవాడు. కొన్ని వారాలకు మళ్లీ వెళ్లి, గోడకు చిన్న గిన్నె అంటించి, అందులో దోమలను వదిలేవాడు. చస్తే మందు పనిచేస్తున్నట్టు.

ఒకసారి నన్నూ తీసుకెళ్లాడు. దీపావళి ముందు.

తెల్లటి మంచు. అందులోంచి ఒక్కో ఎర్ర గోడ మెల్లగా బయటపడుతోంది. ఎక్కడో తడిమట్టి వాసన. ఊరు నిద్రలో నవ్వుతున్నట్టుంది.

అరగంట చూశాం. గిన్నెలో దోమలు హాయిగా తిరుగుతున్నాయి.

వాడు గోడను గోరుతో గీరాడు. పైనున్న మట్టిపొర రాలింది. కింద తెల్లగా మందు.

"అవ్వా, మందు కొట్టిన గోడ అలికినవా?"

ఆ ఇంటి ముసలమ్మ నడుం మీద చేయి పెట్టుకుంది.
"పండుగకు అలకకుంటె ఎట్ల సారూ? నీ దోమల కోసం మా దేవుణ్ని బయట నిలవెట్టాల్నా?"

నాకు నవ్వొచ్చింది. వాడికి రాలేదు.

స్ప్రే తేదీలు పెట్టింది వాడే. పండుగకు గోడలు అలుకుతారా అని ఎవరినీ అడగలేదు.

'మందు పనిచేయలేదు' అని రిపోర్ట్ రాస్తే అసలు సంగతి ఎవరికీ తెలియదు. మంచి మందు మూలన పడుతుంది. నిజం రాస్తే తన కాంట్రాక్ట్ ఉద్యోగం పోవచ్చు.

"మందు పనిచెయ్యలేదనే రాసెయ్ రా. నీ పిల్లల మొఖం జూడు" అన్నాను.
నేనే అన్నాను.

"నా తప్పు మందు మీద ఎట్ల వెట్టాలె అక్కా? రేపు గీ ఊరి పిల్లలకు జ్వరమొస్తె?"

తప్పు తనదేనని సంతకం పెట్టి ఇచ్చాడు. ట్రయల్ ఆపేశారు. కొన్ని నెలలు ఇంట్లోనే కూర్చున్నాడు. నేనిచ్చిన సలహాను ఒక్కసారి కూడా ఎత్తిపొడవలేదు.

తర్వాత ఆ ట్రయల్ వాళ్లే మళ్లీ పిలిచారు. ఈసారి ముందు ఇంటింటికీ తిరిగి, గోడలు ఎప్పుడు అలుకుతారో ఆడవాళ్లను అడిగి, ఆ తర్వాతే తేదీలు రాసుకున్నాడు.
మందు పనిచేసింది.

తమ్మీ, దేవుణ్ని నమ్ముకోమని నీకు రోజూ చెప్పేదాన్ని.
ఆ రోజు భయపడింది నేను. నువ్వు కాదు.

నెమ్మదిగా వెళ్లు నాయనా. గోదారి తల్లి నిన్ను చల్లగా చూసుకోవాలి.