మహాసభలో కొట్టేసిన నీళ్ళ మాట

మా తాలూకా తీర్మానంలోని నీళ్ళ వాక్యాన్ని పార్టీ మహాసభలో చదవకుండానే కొట్టేశారు.

"తుంగభద్ర నీళ్ళు మొదట రాయలసీమ మెట్టభూములకు ఇవ్వాలి" అన్న ఆ వాక్యం రాసింది నేను. విశాలాంధ్ర ఏర్పడ్డాక వరసగా వానలు లేని కాలమది. కళ్యాణదుర్గం చుట్టుపక్కల శెనక్కాయ కూలీలు దాని కింద వేలిముద్రలు వేశారు. నేను బడి మొహం చూడనివాణ్ణి. పార్టీ పఠనాలయంలోనే అక్షరాలు దిద్దాను. ఇంగ్లీషువాళ్ళ ఏలుబడిలో ఉన్న వేల్సు అనే చిన్న దేశం గురించీ అక్కడే చదివాను. అక్కడి బొగ్గుగని కార్మికులు సోషలిస్టు పార్టీని భుజాన మోశారట. మా దేశం, మా భాష అని వాళ్ళు నోరు తెరిస్తే మాత్రం పార్టీ పెద్దల్లో చాలామందికి అది సంకుచితత్వంగా తోచిందట.

ఈ సంగతే మా జిల్లా కార్యదర్శితో అన్నాను. ఆయన నవ్వాడు.

"ఏమప్పా, ఆ బొగ్గోళ్ళు నీకు బంధువులా? కూలోనికి సీమేంది, కోస్తా ఏంది? అంతా ఒకటే."

"ఒకటే అయితే కాలువలన్నీ కోస్తాలోనే యాల ఉండాయన్నా?"

ఆయన కళ్ళజోడు తుడుచుకుంటూ కూర్చున్నాడు.

వేలిముద్రలు వేసినవాళ్ళు ఎదురుపడినప్పుడల్లా "మన మాట చదివినారా అన్నా?" అని అడిగేవారు. ముఖం చెల్లక సందుల్లో తప్పుకుని తిరిగాను. రాష్ట్ర కమిటీకి ఉత్తరం మీద ఉత్తరం రాశాను. రెండేళ్ళకు ఒక కార్డు వచ్చింది:

"కామ్రేడ్, శ్రామికులకు ప్రాంతభేదం లేదు. వచ్చే మహాసభకు మీ తాలూకా నుంచి నలభైమంది వాలంటీర్లను పంపగలరు. సభ కోస్తాలో కాలువ గట్టున జరుగుతుంది కనుక, మీవాళ్ళు నీళ్ళ కుండలు మోసుకురావలసిన పని లేదు."