సీటు రాడ్డు మీద వేలు

ఖమ్మంలో భద్రాచలం బస్సెక్కేసరికే ఒళ్లు హూనమైంది. కళ్లు మూసుకుంటే పక్కసీటాయన ముందున్న రాడ్డు మీద వేలితో టిక్కు టిక్కుమని కొడుతున్నాడు.

“ఆపవయ్యా!” అని కసిరాను.

అతని ఒళ్లో చిన్నపాప నిద్రపోతోంది. రెండో చెయ్యి పాప ఛాతీ మీదుంది.

“స్కానింగుకు మత్తిచ్చిన్రు సార్. ఆడ మిషిన్ పాప గుండెతోని గిట్లనే కొట్టుకుంట ఉండె. అది ఇనుకుంటనే నిలబడ్డ. లేచినంక ఇంటికి తీస్కపొమ్మన్నరు. బస్సెక్కంగనే మల్ల పండుకుంది. ఈడ మిషిన్ లేదు గద.”

అరచేతికి తగిలిన చప్పుడునే వేలు కొడుతోందని అప్పుడు అర్థమైంది.

ఏన్కూరు దాటాక అతనికి కునుకు పట్టింది. వేలు ఆగింది. నా నిద్ర ఎగిరిపోయింది. మెల్లగా వంగి, పాప ఛాతీ మీద అతని చెయ్యి పక్కనే నా చెయ్యి ఆనించాను.

నా స్టేజీ వచ్చేదాకా రాడ్డు మీద నా వేలు ఆడుతూనే ఉంది.